కింది పళ్ల సెట్టు నిలవకపోతే: రెండు ఇంప్లాంట్లా, నాలుగా, అసలు వద్దా?

మా అమ్మ కింది పళ్ల సెట్టు ఏడాదిన్నర పాటు ఆమె నోట్లో కంటే స్టీలు గిన్నెలోనే ఎక్కువ ఉంది. పైసెట్టు పొద్దున్నే పెట్టుకునేది. కిందిది మాత్రం గేటు చప్పుడైతేనే. ఎవరో వస్తున్నారని తెలియగానే వంటింట్లోకి వెళ్లి పెట్టుకొచ్చి కూర్చునేది. మాట్లాడుతున్నంతసేపూ నాలుకతో దాన్ని అదిమి పట్టుకునేది. అయినా ‘స’ పలికినప్పుడల్లా టక్కుమనేది. ఓ సంక్రాంతికి జంతికలు చేసి అందరికీ పంచి, తను మాత్రం ఒకటి సాంబారులో నానేసుకుని చెంచాతో తింటుంటే చూశాను. ఆ వారమే పళ్ల డాక్టర్ల చుట్టూ తిరగడం మొదలుపెట్టాం.

నాలుగు చోట్లకు వెళితే నాలుగు మాటలు చెప్పారు. ఒకాయన కొత్త సెట్టు చేస్తే సరిపోతుందన్నాడు. ఇంకొకావిడ రెండు ఇంప్లాంట్లు, అంటే దవడ ఎముకలోకి దిగే స్క్రూలు, వేసి సెట్టును వాటికి బిగిస్తానంది. మూడో చోట సన్నటివి నాలుగు వేసి ఒక్క పూటలో పంపించేస్తామన్నారు. నాలుగో చోట ఏసీ గదిలో కూర్చోబెట్టి, కంప్యూటర్లో నవ్వుతున్న మొహాలు చూపించి, తీయక్కర్లేని పళ్లు నాలుగు లక్షలకు పెడతామన్నారు. ఈ వారంలో అడ్వాన్సు కడితే పదిహేను శాతం తగ్గింపట. చీరల షాపా, ఆసుపత్రా అనిపించింది.

తర్వాత కొన్ని నెలలు చదివాను, అడిగాను, అమ్మతో పాటు కుర్చీ పక్కన నిలబడి చూశాను. అలా తెలిసినదాన్ని ఇలాంటి అయోమయంలోనే ఉన్నవాళ్ల కోసం రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: పళ్లన్నీ పోయి, ఇబ్బంది కింది సెట్టుతోనే అయితే, చాలామందికి రెండు ఇంప్లాంట్లు చాలు. పెట్టిన ప్రతి రూపాయికీ అంత సుఖం ఇచ్చేది ఇంకోటి లేదు. కాకపోతే ‘చాలామందికి’ అంటే అందరికీ అని కాదు.

అసలు కిందిదే ఎందుకు కదులుతుంది

పైసెట్టుకు అంగిలి ఉంది. అరచేయంత విశాలమైన జాగా, పైన తడి. గాజు పలకను తడి బల్ల మీద బోర్లిస్తే అంటుకున్నట్టు అంటుకుంటుంది. కిందిదానికి ఆ వసతి లేదు. గుర్రపు నాడాలా సన్నటి గట్టు, దాని మధ్యలో క్షణం ఊరుకోని నాలుక, బయట చెంపలు, పెదవి. మాట్లాడినా మింగినా ఏదో ఒకటి వచ్చి దాన్ని లేపుతూనే ఉంటుంది.

దానికి తోడు ఎముక అరుగుదల. పన్ను ఊడాక దాన్ని పట్టుకున్న ఎముకకు పని లేక కరిగిపోతుంది. పాతికేళ్ల పాటు సెట్టు వాడేవాళ్లను గమనించి 1972లో ప్రచురించిన ఒక పరిశీలనలో, పై దవడ కంటే కింది దవడ ముందు భాగం దాదాపు నాలుగింతలు అరిగిందని తేలింది. ‘చేయించినప్పుడు బాగానే ఉండేది, నాలుగేళ్ల తర్వాత వదులైంది’ అని అందరూ అనేది ఇందుకే. సెట్టు అలాగే ఉంది, దాని కింద నేల కుంగింది.

ముందు చౌకగా తేలే దారులు

ఇంప్లాంట్ గురించి ఆలోచించే ముందు, ఉన్న సెట్టు సరిగ్గా చేసిందో కాదో ఇంకొక డాక్టరుకు చూపించండి. పై పళ్లు, కింది పళ్లు కలిసే తీరు తప్పుగా ఉన్నా, అంచులు పొట్టిగా ఉన్నా ఎంత మంచి ఎముక మీదైనా కదులుతుంది. సెట్టు బాగుండి వదులు మాత్రమే అయితే రీలైనింగ్ చేస్తారు. అంటే లోపలి వైపు కొత్త పొర పోసి, ఇప్పటి చిగురు ఆకారానికి సరిపెట్టడం. కొన్ని వేలల్లో అయిపోతుంది. అయిదారేళ్లు దాటిన సెట్టయితే, పళ్లు కూడా అరిగిపోయి ఉంటాయి కాబట్టి కొత్తది చేయించుకోవడమే మేలు.

కొత్త సెట్టుకు ప్రభుత్వ డెంటల్ కాలేజీలను తేలిగ్గా తీసేయకండి. హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లో ఉంది, విజయవాడలో ఉంది, కడపలో ఉంది. ప్రాస్థోడాంటిక్స్, అంటే కట్టుడు పళ్ల విభాగం అని అడగాలి. పీజీ విద్యార్థులు చేస్తారు, వెనక ప్రొఫెసరు ఉంటారు. చాలాసార్లు తిరగాల్సి వస్తుంది, నిజమే. కానీ కొలతల దగ్గర వాళ్లు పెట్టే ఓపిక వీధి చివరి క్లినిక్కులో దొరకడం కష్టం.

అంటించే క్రీము ఇంకో దారి. పెళ్లికో ఫంక్షనుకో వెళ్లేటప్పుడు పనికొస్తుంది. శనగగింజంత చొప్పున మూడు నాలుగు చోట్ల చాలు. జింకు లేనిది చూసి కొనండి. జింకు ఉన్నవాటిని ట్యూబులకు ట్యూబులు ఏళ్ల తరబడి వాడినవాళ్లలో ఒంట్లో రాగి తగ్గి, కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కి నరాలు దెబ్బతిన్న సందర్భాలు ఉన్నాయి. రోజూ క్రీము లేనిదే సెట్టు నిలవడం లేదంటే, అది క్రీముతో తీరే సమస్య కాదు.

అమ్మకు ఇవన్నీ అయిపోయాయి. రెండో సెట్టు, ఒక రీలైనింగ్, అరడజను ట్యూబులు.

రెండు ఇంప్లాంట్లు, స్నాప్

ఇంప్లాంట్ అంటే టైటానియం స్క్రూ. సుమారు నాలుగు మిల్లీమీటర్ల లావు, పది మిల్లీమీటర్లకు అటూ ఇటూగా పొడవు. టైటానియంతో ఎముక నేరుగా అతుక్కుపోతుందని 1950లలో స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే శాస్త్రవేత్త కుందేలు ఎముక మీద ప్రయోగం చేస్తూ గమనించాడు. 1965లో గోథెన్‌బర్గ్‌లో మొదటిసారి మనిషి దవడలో అమర్చాడు. ఇవాళ్టి ఇంప్లాంట్లన్నిటికీ మూలం అదే.

కింది దవడలో కోరపళ్లు ఉండాల్సిన చోట, ఇటొకటి అటొకటి వేస్తారు. ఆ చోటే ఎందుకంటే వెనక పళ్లన్నీ పోయినా అక్కడ ఎముక మిగిలి ఉంటుంది, పెదవికి వెళ్లే నరం బయటికొచ్చే చోటుకు ముందు ఉంటుంది. ఆ నరానికి దెబ్బ తగిలితే కింది పెదవి మొద్దుబారుతుంది. అందుకే స్కాన్ తీయకుండా ‘నా అనుభవం చాలు’ అనేవాళ్ల దగ్గర నేనైతే ఆగను. సీబీసీటీ స్కాన్ అని త్రీడీలో వస్తుంది, ఎముక ఎత్తు, వెడల్పు, నరం దారి అన్నీ కనిపిస్తాయి.

ఎముక పట్టడానికి కింది దవడకు మామూలుగా మూడు నెలలు ఆగుతారు. తర్వాత ఇంప్లాంటు నెత్తిన చిన్న గుండీలాంటిది బిగిస్తారు. దాన్ని లొకేటర్ అంటారు. కొందరు గుండ్రటి బంతిలాంటిది పెడతారు. సెట్టు లోపలి వైపు దానికి సరిపడే నైలాన్ టోపీ ఉంటుంది, పెసరగింజ కన్నా కాస్త పెద్దది. రెండు బొటనవేళ్లతో నొక్కితే టప్‌మని కూర్చుంటుంది. ఇదే స్నాప్, జాకెట్టు ప్రెస్ బటన్ లాంటిదే. రాత్రి తీసి కడిగి నీళ్లలో పెట్టుకోవాలి. ఉన్న సెట్టు బాగుంటే దానికే టోపీలు అమరుస్తారు, కొత్తది చేయించక్కర్లేదు. ఈ మాట అడిగితే తప్ప చెప్పరు.

2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో నిపుణులు కూర్చుని, పళ్లన్నీ పోయిన కింది దవడకు మామూలు సెట్టు కాదు, రెండు ఇంప్లాంట్ల మీద నిలిచే సెట్టే మొదటి ఎంపిక కావాలని తేల్చారు. 2009లో బ్రిటన్‌లోని యార్క్‌లో మళ్లీ అదే మాట అన్నారు. అంటే ఇది కొత్త ఫ్యాషనూ కాదు, పేదవాడి సర్దుబాటూ కాదు. ‘రెండేనా? అవి తాత్కాలికమండీ’ అని ఎవరైనా పెదవి విరిస్తే ఈ సంగతి గుర్తుంచుకోండి.

దీనికీ బాదరబందీ ఉంది. నైలాన్ టోపీలు అరుగుతాయి. కొందరికి ఏడాది వస్తాయి, కొందరికి ఆర్నెల్లే. మార్చడం అయిదు నిమిషాల పని, కానీ మార్చేవాళ్లు దగ్గర్లో ఉండాలి. టోపీలు రంగును బట్టి గట్టిదనం మారుతుంది. లొకేటర్లో నీలం రంగుది అన్నిటికన్నా తేలిక, గులాబీ మధ్యస్తం, తెల్లది గట్టి. అమ్మకు మొదట తెల్లవి వేశారు. కీళ్లవాతం చేతులతో ఆ సెట్టు ఊడదీయలేక, రాత్రి పదింటికి నాకు ఫోను చేసి ఏడ్చింది. మర్నాడు నీలం వేయించాం. ‘ఎంత గట్టిగా ఉంటే అంత మంచిది’ అనుకున్నది నేనే.

ఇంకో ముచ్చట. లొకేటర్ నెత్తిన చిన్న గుంట ఉంటుంది. ఒకరోజు సెట్టు ఎంత నొక్కినా ఎడమవైపు కూర్చోలేదు. విరిగిందేమో అని కంగారుపడి టార్చి వేసి చూస్తే, ఆ గుంటలో పోపులోని ఆవగింజ. మెత్తటి బ్రష్షుతో తీసేస్తే టప్‌మంది. అందుకే పెట్టుకునే ముందు ఇంప్లాంట్లను కూడా పళ్లు తోమినట్టు తోమాలి. ఇంకా ముఖ్యంగా, సెట్టును పైన ఊరికే ఆనించి పళ్లతో కొరికి కూర్చోబెట్టకూడదు. టోపీలు తొందరగా పాడవుతాయి, ఒక్కోసారి సెట్టే విరుగుతుంది.

సన్నటివి, బార్‌తో కలిపినవి

మినీ ఇంప్లాంట్లు మూడు మిల్లీమీటర్ల కన్నా సన్నగా ఉంటాయి. కింది దవడకు నాలుగు వేస్తారు. చిగురు పెద్దగా కోయక్కర్లేదు, చాలాసార్లు అదే రోజు సెట్టు బిగించేస్తారు. ఒక్కోటీ చవక. ఎముక మరీ సన్నగా ఉండి, ఎముక అతికించే ఆపరేషన్ ఒద్దనుకునే డెబ్బయి అయిదు, ఎనభై ఏళ్లవాళ్లకు ఇది మంచి దారే. కాకపోతే సన్నటిది కాబట్టి విరిగే భయం ఎక్కువ. చాలావాటిలో స్క్రూ, బంతి ఒకటే ముక్క. బంతి అరిగితే అది మాత్రమే మార్చడం కుదరదు. పై దవడకు మినీలు అంటే నేను వెనక్కి తగ్గుతాను, అక్కడి ఎముక మెత్తన.

బార్ అంటే ఇంప్లాంట్లన్నిటినీ కలుపుతూ ఒక లోహపు కమ్మీ, సెట్టు దాన్ని క్లిప్పుతో పట్టుకుంటుంది. పట్టు బాగుంటుంది. కమ్మీ కింద అన్నం మెతుకులు ఇరుక్కుంటే తీయడం పెద్ద పని. చిగురుకూ పళ్లకూ మధ్య ఎత్తు కూడా ఎక్కువ కావాలి, లేకపోతే సెట్టు పలచబడి పగులుతుంది. డాక్టరు ఏదైనా ప్రత్యేక కారణం చెబితే తప్ప మీరుగా అడగాల్సినది కాదు.

తీయక్కర్లేని పళ్లు

నాలుగు నుంచి ఆరు ఇంప్లాంట్లు వేసి, పన్నెండు పళ్ల వంతెనను స్క్రూలతో బిగించేస్తారు. డాక్టరు తప్ప ఎవరూ తీయలేరు. నమలడానికి దీన్ని మించింది లేదు, సొంత పళ్లున్నట్టే ఉంటుంది. యాభైల్లో పళ్లన్నీ పోయి, ఇంకా ఉద్యోగం చేస్తూ, సెట్టు తీసి గిన్నెలో పెట్టుకోవడం అనే ఊహనే భరించలేనివాళ్లు ఉంటారు. చేతిలో డబ్బుంటే వాళ్లకు ఇదే సరైనది, సందేహం లేదు.

అమ్మ వయసువాళ్ల విషయంలో మాత్రం ఏ బ్రోషరూ అడగని ప్రశ్న ఒకటుంది: పదేళ్ల తర్వాత వీటిని ఎవరు తోముతారు? బిగించిన పళ్ల కింద, ప్రతి ఇంప్లాంటు చుట్టూ రోజూ సన్న బ్రష్షుతోనో నీళ్లు చిమ్మే యంత్రంతోనో శుభ్రం చేయాలి. లేకపోతే చిగురు వాచి, చీము పట్టి, ఎముక తినేస్తుంది. చేతులు వణికే రోజు వస్తే, చూపు తగ్గితే, మంచం పడితే? తీసే సెట్టయితే కోడలో, నర్సో, పనమ్మాయో తీసి కుళాయి కింద కడిగి పెట్టేస్తుంది. బిగించినవాటి విషయంలో ఇంకొకరి నోట్లో చేయి పెట్టి గంటలో పావు వంతు గడపాలి. మా పెదనాన్న ఆఖరి రెండేళ్లు మంచంలో గడిపాడు. ఆయన్ను చూసుకున్న ఇంట్లోవాళ్లం కాబట్టి ఈ ప్రశ్న మాకు గాల్లో ప్రశ్న కాదు.

పెదవి సంగతీ ఉంది. ఎముక బాగా అరిగినవాళ్లకు బుగ్గలు, పెదవి లోపలికి పోతాయి. సెట్టుకుండే గులాబీ రంగు అంచు వాటిని బయటికి నింపుతుంది. బిగించే వంతెనకు అంత అంచు పెట్టలేరు, పెడితే కింద శుభ్రం చేయడానికి దారి ఉండదు.

పై దవడ లెక్క వేరు

కింద రెండు చాలాయి కదా, పైన కూడా రెండు వేయమని అడక్కండి. పైన ఎముక మెత్తన, వెనకవైపు సైనస్ అనే గాలి గదులు. సాధారణంగా నాలుగు కావాలి, పట్టడానికి ఎక్కువ నెలలు పడతాయి, విఫలమయ్యేవీ కింది కంటే ఎక్కువే. మామూలు పైసెట్టు చాలామందికి బాగానే నిలుస్తుంది కాబట్టి, డబ్బు పరిమితంగా ఉంటే ముందు కిందికే ఖర్చు పెట్టండి. పైసెట్టు అంగిలికి తగిలితే వాంతి వచ్చేవాళ్లకు మాత్రం నాలుగు ఇంప్లాంట్లు వరమే. వాటితో అంగిలి భాగం కోసేసి, నాడా ఆకారంలో చేయొచ్చు. పప్పు వేడి, పెరుగు చల్లదనం అంగిలికి తెలుస్తాయి.

డబ్బు, నెలలు

రెండేళ్ల కిందట మేము తిరిగిన చోట్ల ఒక్కో ఇంప్లాంటుకు 20 వేల నుంచి 45 వేల దాకా చెప్పారు, కంపెనీని బట్టి. లొకేటర్లు విడిగా. సెట్టు విడిగా. స్కాన్ విడిగా. ‘ఒక్కటి పాతిక వేలే’ అన్న చోట అన్నీ కలిపితే రెంటికి లక్ష దాటింది. ముప్పయి అయిదు వేలన్న చోట కూడా అంతే తేలింది, ఎందుకంటే అక్కడ లొకేటర్ కలిపి చెప్పారు. కాగితం మీద మొత్తం రాయించుకుని, టోపీ మార్చినప్పుడల్లా ఎంతో కూడా అందులో రాయించండి. సాధారణ ఆరోగ్య బీమా చాలావరకు దీనికి పనికిరాదు. అమెరికాలో ఉన్న పిల్లలు అక్కడికి తీసుకెళ్లి చేయిద్దామనుకుంటే, అక్కడ పెద్దవాళ్లకిచ్చే ప్రభుత్వ బీమా ఒరిజినల్ మెడికేర్ కూడా పళ్ల సెట్లకు డబ్బివ్వదు.

పిల్లలు డిసెంబరులో మూడు వారాలు వచ్చి, ‘మేమున్నప్పుడే మొత్తం అయిపోవాలి’ అనడం నేను చూస్తున్నాను. ఆ తొందరలోనే ఒక్క పూట ప్యాకేజీలు అమ్ముడుపోతాయి. డిసెంబరులో స్క్రూలు వేయించి, మార్చి, ఏప్రిల్‌లో స్నాప్ బిగిస్తే ఏమీ పోదు. మధ్యలో పాత సెట్టునే లోపల కాస్త తొలిచి, మెత్తటి పొర వేసి వాడుకోనిస్తారు. పెద్దవాళ్లను తీసుకెళ్లడానికి ఇక్కడ ఒక మనిషి ఉంటే చాలు.

డాక్టరుకు దాచకూడనివి

షుగరు ఉంటే ఇంప్లాంట్ కుదరదని అనుకునేవాళ్లున్నారు. అదుపులో ఉంటే కుదురుతుంది, మూడు నెలల షుగరు సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ రక్తపరీక్ష చూసి నిర్ణయిస్తారు. అమ్మది 8.4 ఉంటే రెండు నెలలు ఆగి 7.1కి తెచ్చాకే చేశారు. ఆగమన్న డాక్టరు మీద నాకు నమ్మకం అక్కడే కుదిరింది. సిగరెట్టు, బీడీ ఇంప్లాంటుకు శత్రువులు. గుట్కా, ఖైనీ అలవాటుతో నోరు తెరుచుకోవడమే తగ్గినవాళ్లకు పరికరం లోపలికి పట్టక పని కష్టమవుతుంది.

అన్నిటికన్నా జనం చెప్పడం మరిచేది ఎముకల మందు. ఎముకలు గుల్లబారాయని వారానికొక అలెండ్రోనేట్ మాత్రో, ఏడాదికోసారి జోలెండ్రోనిక్ ఇంజెక్షనో తీసుకుంటున్న ఆడవాళ్లు మన ఇళ్లలో చాలామంది. వాటి వల్ల దవడ ఎముక మానకుండా పోయే ప్రమాదం కొద్దిగా ఉంటుంది. క్యాన్సరుకు అవే మందులు పెద్ద మోతాదులో ఎక్కించుకునేవాళ్లకయితే ఇంప్లాంట్లు సాధారణంగా వద్దంటారు. తల, మెడ భాగానికి రేడియేషన్ తీసుకున్నా అంతే జాగ్రత్త. రక్తం పలచబరిచే మాత్రలు మీ అంతట మీరు ఆపకండి, గుండె డాక్టరూ పళ్ల డాక్టరూ మాట్లాడుకోవాలి.

చివరగా బిల్లుతో పాటు తీసుకోవాల్సింది

ప్రతి ఇంప్లాంటు డబ్బా మీద చిన్న స్టిక్కరు ఉంటుంది: కంపెనీ, మోడల్, సైజు, లాట్ నంబరు. అది అడిగి తీసుకోండి. స్విట్జర్లాండ్ వాళ్ల స్ట్రౌమన్ కావచ్చు, కొరియా వాళ్ల ఆస్‌స్టెమ్ కావచ్చు, ఇక్కడి కంపెనీ కావచ్చు. ఒకదాని పానా ఇంకొకదానికి పట్టకపోవచ్చు. ఎనిమిదేళ్ల తర్వాత ఇంకో ఊళ్లో లొకేటర్ వదులైతే, ఏ కంపెనీదో తెలియక ఆ డాక్టరు తల పట్టుకుంటాడు. ‘లైఫ్‌టైమ్ గ్యారంటీ’ అన్నవాళ్లను దేనికని అడగండి. తరచూ అది ఆ స్క్రూ ముక్కకే ఉంటుంది, మళ్లీ వేసే కూలికి కాదు, సెట్టుకు కాదు.

అమ్మ స్టిక్కర్లు రెండూ రేషన్ కార్డు కవర్లో ఉన్నాయి. నీలం టోపీలు ఇప్పటికి మూడుసార్లు మార్చాం. డాక్టరమ్మ ముందే చెప్పినట్టు, కింద గట్టిగా పట్టు దొరికేసరికి ముందు పళ్లతో ఎక్కువ నమిలి, పైసెట్టు కాస్త వదులైంది. మొన్న దానికి రీలైనింగ్ చేయించాం. పైన కూడా ఇంప్లాంట్లు వేయిద్దామా అంటే, ‘ఆ డబ్బుతో బావికి మోటారు మార్పించరా’ అంది, చెక్క విరుచుకుంటూ.